లియా సలోంగా: రంగస్థల నటి, తెర వెనుక గళం

ఫిలిప్పీన్స్ గాయని లియా సలోంగా 1971లో జన్మించారు. ఏడేళ్ల వయసులోనే మనీలాలో ‘ది కింగ్ అండ్ ఐ’ సంగీత నాటకంతో రంగప్రవేశం చేశారు. 1989లో లండన్‌లో ప్రారంభమైన ‘మిస్ సైగాన్’లో వియత్నాం యువతి కిమ్ పాత్ర ఆమెకు ఒలివియర్ పురస్కారాన్నీ, అదే పాత్ర న్యూయార్క్ బ్రాడ్‌వేలో 1991 టోనీ పురస్కారాన్నీ తెచ్చిపెట్టింది. నటనకు టోనీ అందుకున్న తొలి ఆసియా మహిళ ఆమే. అయితే ఆసియా యువతి పాత్రకు ఆసియా నటిని ఎంచుకోవడం సహజమే. 1993లో ‘లే మిజరాబ్’లో ఫ్రెంచి యువతి ఎపోనీన్‌గా బ్రాడ్‌వే వేదికనెక్కడమే అసలైన మలుపు, అంతకుముందు అక్కడ ఆ పాత్రను ఆసియా నటి ఎవరూ ధరించలేదు.

డిస్నీ యానిమేషన్ చిత్రాలు ‘అలాదిన్’ (1992)లో జాస్మిన్‌కు, ‘ములాన్’ (1998)లో కథానాయికకు పాటలు పాడింది సలోంగాయే. సంభాషణలు పలికినవారు వేరు: లిండా లార్కిన్, మింగ్-నా వెన్. నేపథ్య గానానికి అలవాటుపడిన భారతీయ ప్రేక్షకులకు ఇది వింతగా తోచదు. 2011లో డిస్నీ సంస్థ ఆమెను ‘డిస్నీ లెజెండ్’ బిరుదుతో సత్కరించింది.