పెంకుటిల్లు, పైలీన్, బీమా కాగితం

బరంపురంలో మన ఇంటికి ముందు గదుల మీద రేకులు, వెనక వంటగది మీద మాత్రం పెంకు ఎందుకున్నాయని పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఆ జవాబు 2013లో ఉంది. కానీ కథ అంతకన్నా పాతది.

మా ముత్తాత ఈ ఇల్లు కట్టేనాటికి గంజాం ఇంకా మద్రాసు రాజధానిలోనే ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. ఇల్లు ఉన్నచోటే ఉంది, రాష్ట్రం మారింది. మొదట్లో ఇంటికి గడ్డి కప్పే. తర్వాత కుమ్మరి పెంకు వేసేరు. చేతిలో నాలుగు డబ్బులు ఆడేక మంగుళూరు పెంకు రైల్లో తెప్పించేరు. ఆ పెంకు ఫ్యాక్టరీని 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెట్టేరు. ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే పెంకు కావడంతో దేశమంతా పాకింది. మనవాళ్లు దాన్ని బంగాళా పెంకు అన్నారు, వీధిలో ఒడియా వాళ్లు ఖపర అన్నారు, మన ఇంట్లో రెండూ అనేవాళ్లం.

కప్పు ఎగిరితే ఏం చేసేవారని నాయనమ్మని అడిగితే, "ఏం చేస్తాం, కుమ్మరి వీధికి వెళ్లేవాళ్లం" అనేది. బీమా అంటే మన పెద్దలకి జీవిత బీమాయే. పట్టాభి సీతారామయ్యగారు బందరులో 1925లో పెట్టిన ఆంధ్రా ఇన్సూరెన్స్ పేరు ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటి కప్పుకి కూడా బీమా ఉంటుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. 1999 అక్టోబరు 17 రాత్రి గోపాలపూర్ దగ్గర దాటిన తుపానుకి చూరు పక్క పెంకులు పోతే చేతి డబ్బుతోనే వేయించేం. పన్నెండు రోజులకి పారాదీప్ మీద పడ్డ మహా తుపానులో వేలమంది పోయేరని విన్నాక, మా పెంకుల మాట ఎత్తడానికే సిగ్గేసింది.

2013 అక్టోబరు 12, శనివారం. దసరా రోజులు. ప్రభుత్వం ముందుగానే లక్షలమందిని తీరం నుంచి తరలించింది, అందుకే ప్రాణనష్టం 1999తో పోల్చడానికే లేదు. ఇళ్ల సంగతి వేరు. పైలీన్ ఆ రాత్రి గోపాలపూర్ దగ్గర గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలితో తీరం దాటింది. ముందు వీధి తలుపు గడియ విరిగింది. గాలి లోపలికి జొరబడి కప్పుని కింద నుంచి తోసింది, పైన పోయే గాలి మీదకి లాగింది. మొదట నడినెత్తి మీది కొప్పు పెంకులు లేచేయి, ఆ వెనక వరసలకి వరసలే. వంటగది తలుపు మూసి ఉంది కాబట్టి దాని కప్పు నిలబడింది. మేమందరం తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాం.

ఊరంతా చీకటి, ఫోన్లు లేవు. ఎవరికి చెప్పాలో తెలియక పగిలిన పెంకుల్ని ఎత్తి పెరటి గుంట పూడ్చేశాం. అది మొదటి తప్పు. సర్వేయరు వచ్చి, "పోయిన పెంకులు ఏవండీ?" అంటే చూపించడానికి ఏమీ మిగల్లేదు. పెద్దనాన్నగారి అబ్బాయి ఫోనులో తీసిన మూడు ఫొటోలే కాపాడేయి.

మేస్త్రీల కథ వేరే. మొదటి కాంట్రాక్టరు ముప్పై వేలు అడ్వాన్సు పట్టుకెళ్లి, పక్క వీధిలో పెద్ద పని దొరికితే అటే ఉండిపోయేడు. రెండో ఆయన పనిమంతుడే. కానీ కొటేషన్ ఒకే వాక్యం: కప్పు పని మొత్తం ఇంత. కర్ర ఎంత, పెంకు ఎంత, కూలి ఎంత అని విడివిడిగా రాసివ్వమని సర్వేయరు అడిగేరు. అప్పుడు కాంట్రాక్టరు నాన్నగారిని పక్కకి పిలిచి, "ఆజ్ఞా, పెంకులు రెండు వేలు రాస్తాను, ఎక్కువొచ్చింది చెరిసగం" అన్నాడు. పెద్దనాన్నగారు కాసేపు ఊగిసలాడేరు. ఆ రోజుల్లో డబ్బుకి అంత ఇబ్బంది. నాన్నగారు పలక తీసి లెక్క వేసేరు. కప్పు ఎనిమిది వందల చదరపు అడుగులు, వందకి సుమారు నూట యాభై పెంకులు, మొత్తం పన్నెండు వందలు. "టేపు పట్టుకుంటే పట్టుబడిపోతాం అన్నయ్యా" అన్నారు. నిజం చెప్పాలంటే, ఆ రోజు మమ్మల్ని ఆపింది నీతి కన్నా లెక్కే.

అసలు దెబ్బ పాలసీలోనే ఉంది. 2005లో ఇంటి మీద అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకే బీమా చేయించింది. అప్పు మూడు లక్షలు, బీమా కూడా మూడు లక్షలకే. ఇంటి విలువ తొమ్మిది లక్షలని సర్వేయరు కట్టేరు. విలువలో మూడో వంతుకే బీమా ఉంటే నష్టంలోనూ మూడో వంతే ఇస్తారట. దానికి ముందు తరుగు తీసేరు. ఎనభై ఏళ్లుగా నిలబడ్డ గుగ్గిలం దూలాలకి కూడా పాతవని తరుగు! నష్టం లక్షా ఇరవై వేలుగా తేల్చి, నలభై వేలు చేతిలో పెట్టేరు. మాకైన ఖర్చు రెండు లక్షల పదివేలు.

భువనేశ్వర్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫిర్యాదుకి రుసుము లేదు, వెళ్దామన్నారు కొందరు. వెళ్లలేదు. తరుగు సంగతి మాకు నచ్చకపోయినా, మూడో వంతు లెక్కలో తప్పు లేదు. ఎనిమిదేళ్లు ఏటా ప్రీమియం కడుతూ ఆ కాగితం ఒక్కసారైనా చదవకపోవడం మా తప్పే.

ఆ డబ్బుతో ముందు గదులకి పెంకు వేయడం కుదరలేదు. ఊళ్లో పెంకు దొరకదు, దొరికినా ధర రెట్టింపు. రేకులు వేసేం. మిగిలిన మంచి పెంకులు రెండు వందల పైచిలుకు, పెరటి గోడకి ఆనించి పేర్చేం.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకి భారత్ గృహ రక్ష అని కొత్త పాలసీ వచ్చింది. ఇంటి వైశాల్యాన్ని ఇప్పటి కట్టుబడి ఖర్చుతో గుణించి బీమా మొత్తం కడతారు. తక్కువకి చేయించేరని ఆ మూడో వంతు కోత ఇందులో పెట్టరు. అప్పు తీరిపోయింది కాబట్టి ఇప్పుడది మన పేరునే ఉంది. తుపాన్లు మనకి అక్టోబరులో అలవాటు గనక సెప్టెంబరులో కడుతున్నాం. కాగితం దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద ఉంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన వంటగది మీద నలభై పెంకులు జారేయి. ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసేం. తర్వాత పెరటి గోడ దగ్గర పేర్చినవాటిలోంచి నలభై తీసి ఎక్కించేం. ఇంకా నూట అరవై దాకా ఉన్నాయి. వాటి మీద కూర్చోకండర్రా, పగులుతాయి.