అంగిట కనిపించే మచ్చ, కడుపులో దాగిన ముద్ర

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం పల్లెల్లో పెద్దవాళ్లకు అడ్డపొగ గురించి వివరించనక్కర్లేదు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. ఈ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం ప్రచురించిన సర్వే కోసం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. అంగిలి మీది తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, గడ్డలు చూసి ముప్పును అంచనా కట్టడానికి టార్చిలైటు చాలింది. పుండు పడకముందే చుట్టూ ఉన్న పొరంతా చెడి ఉంటుందన్న ‘క్షేత్ర’ భావనను 1953లో స్లాటర్ ప్రతిపాదించింది కూడా నోటి క్యాన్సర్లను చూసే.

కడుపులో ఆ క్షేత్రం కంటికి ఆనదు. ఎండోస్కోపీలో ఎరుపు, పలచబడ్డ పొర కనిపిస్తాయి గానీ ఇన్నేళ్లలో కణాలకు జరిగిన నష్టం లెక్క తేలదు. ఆ లెక్క డీఎన్ఏ మీద ఉంటుంది. జన్యువును నడిపించే భాగంలో సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ ముద్ర అతుక్కుంటే, అక్షరం మారకుండానే జన్యువు మూగబోతుంది. హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియా సోకిన ఆరోగ్యవంతుల కడుపు పొరలో ఈ ముద్రలు సోకనివారికంటే, చూసిన భాగాన్ని బట్టి 5.4 నుంచి 303 రెట్లు ఎక్కువని టోక్యోలో ఉషిజిమా బృందం 2006లో చూపింది. ముద్ర వేసేది నేరుగా బాక్టీరియా కాదు, అది రగిలించే వాపు. జెర్బిల్ ఎలుకలకు సైక్లోస్పోరిన్ ఇచ్చి వాపును అణచినప్పుడు, బాక్టీరియా అలాగే ఉన్నా ముద్రలు పెరగలేదు. మందులతో బాక్టీరియా పోయాక ముద్రలు కొంత తగ్గుతాయి. మూలకణాల్లో పడ్డవి మాత్రం మిగిలిపోతాయి. ముప్పును చెప్పేవి ఆ మిగిలినవేనని భావిస్తున్నారు.

తొలిదశ కడుపు క్యాన్సర్‌ను ఎండోస్కోపీతో తీయించుకున్న 826 మందిని జపాన్‌లో గమనించారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం, మిర్-124ఎ-3 అనే జన్యువు మీద ముద్రలు బాగా ఎక్కువున్న పావువంతు మందిలో కొత్త క్యాన్సర్ ముప్పు, అతి తక్కువున్న పావువంతుతో పోలిస్తే రెండింతలు దాటింది. తర్వాత అక్కడ ఎంచిన సూచికల్లో ఒకటి రిమ్స్1 అనే జన్యువు.

ఈ కొలబద్దను తెచ్చి ఇక్కడ ఆనించవచ్చా? నా ఉద్దేశంలో ఇప్పుడే కాదు. మన దేశంలో హెలికోబాక్టర్ విస్తారం, కడుపు క్యాన్సర్ మాత్రం ఆ స్థాయిలో లేదు; పరిశోధకులు దీన్ని ‘భారతీయ ప్రహేళిక’ అంటారు. దేశంలోపల చూసినా మిజోరం లెక్క వేరు, ఉత్తరాది లెక్క వేరు. వాపు తీరు మారితే, ఎన్ని ముద్రలకు ఎంత ముప్పు అన్న గీత కూడా మారవచ్చు. జపాన్ గీత ఇక్కడ కొందరిని ఊరికే భయపెట్టి, కొందరికి ఊరికే భరోసా ఇచ్చే ప్రమాదముంది.

గీత ఇక్కడే గీసుకోవాలంటే, వేరే కారణానికి ఎండోస్కోపీకి వచ్చినవారి నుంచి వారి అనుమతితో కడుపులో ఒకే చోటి నుంచి పొర ముక్కలు తీసి దాచి, ఏళ్లపాటు వారిని గమనించాలి. మహేంద్రతనయ నది అవతల ఒడిశాలోని పర్లాకిమిడికి వైద్యానికి వెళ్లేవారినీ వదలకూడదు. పొగాకు కడుపు క్యాన్సర్‌కు నిర్ధారిత కారణం. కాబట్టి కేసు షీటులో ‘పొగ తాగుతారా?’ దగ్గర ఆగకుండా, ‘ఏ కొస నోట్లో?’ అనీ అడగాలి.