సరస్వతి నుంచి హంస దాకా

కవిత్వానికి వ్రజభాష, వచనానికి ఖడీబోలీ. 19వ శతాబ్దం చివరి దాకా హిందీ రచయితల ఇంట ఈ రెండూ వేరు కాపురాలు పెట్టాయి. సూరదాసు, బిహారీలాల్ వంటి మహాకవులు తీర్చిదిద్దిన వ్రజం ముందు, ఢిల్లీ, మీరట్ ప్రాంతాల్లో పుట్టిన ఖడీబోలీ కవితకు పనికిరాని మోటు పలుకని పండితుల తీర్మానం. ఆ తీర్మానాన్ని తిరగరాసిన ఘనతలో పెద్ద వాటా పత్రికలది, వాటి కోసం ఉద్యోగాలనూ ఆస్తులనూ వదులుకున్న సంపాదకులది.

తొలి అడుగు కాశీలో పడింది. సంపన్న వర్తక కుటుంబంలో పుట్టిన భారతేందు హరిశ్చంద్ర 1868లో 'కవివచనసుధ', 1873లో 'హరిశ్చంద్ర మ్యాగజీన్' మొదలుపెట్టాడు. తాతల నాటి ఆస్తిని పత్రికలకూ సాహిత్యానికీ ధారపోశాడు. 'అంధేర్ నగరీ' వంటి నాటకాలతో ఖడీబోలీ వచనానికి ఊపిరి పోశాడు. కానీ కవిత దగ్గరికొచ్చేసరికి ఆయన మనసు కూడా వ్రజం వైపే మొగ్గింది. 1885లో, నిండా 35 ఏళ్లు రాకుండానే కన్నుమూశాడు.

అలహాబాదులో ఇండియన్ ప్రెస్ యజమాని చింతామణి ఘోష్ బెంగాలీ. 1900 జనవరిలో ఆయన తెచ్చిన హిందీ మాసపత్రిక 'సరస్వతి'. 1903లో దాని పగ్గాలు మహావీర్‌ప్రసాద్ ద్వివేది చేతికొచ్చాయి. ఝాన్సీలో రైల్వే ఉద్యోగం వదులుకుని, అంతకంటే ఎంతో తక్కువ జీతానికి ఆయన ఈ పనికి పూనుకున్నాడు.

అప్పటికి హిందీ వచనం ఒక దారిన పడలేదు. ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కో తీరున రాసేవారు. ఒకరికి పుంలింగమైనది మరొకరికి స్త్రీలింగం. విభక్తులు, విరామచిహ్నాలు ఎవరి ఇష్టం వారివి. ద్వివేది వచ్చిన ప్రతి రచననూ వాక్యం వాక్యం పట్టి దిద్దేవాడు. కొన్నిటిని దాదాపు తిరగరాసేవాడు. 1905లో ఆయన భాషా వ్యాకరణాలపై రాసిన వ్యాసంలో ఒక పదం తప్పంటూ కలకత్తా 'భారత్‌మిత్ర' సంపాదకుడు బాలముకుంద గుప్త మారుపేరుతో వరస వ్యాసాలు సంధించాడు. ఆ వాదోపవాదాల్లోనే వ్యాకరణం పత్రికా పాఠకుల చర్చలోకి వచ్చింది.

వ్రజంలో రాస్తున్న మైథిలీశరణ్ గుప్తను ఖడీబోలీకి మళ్లించిందీ ద్వివేదే. 'భారత్ భారతి'తో గుప్త ఇంటింటి కవి అయ్యాడు. 1915లో ఇదే పత్రికలో చంద్రధర్ శర్మ గులేరీ కథ 'ఉస్‌నే కహా థా' వచ్చింది. అమృత్‌సర్ బజారులో బండ్లు తోలేవాళ్ల కేకలతో మొదలై, మొదటి ప్రపంచయుద్ధపు కందకంలో ఒక సిక్కు సైనికుడి చివరి ఘడియలతో ముగుస్తుంది. మధ్యలో పాతికేళ్ల జ్ఞాపకం. మోటుదన్న భాషలోనే అంత సున్నితమైన కథ పలికింది.

అదే ఏడాది డిసెంబరులో 'సౌత్' అనే కథతో ప్రేమ్‌చంద్ 'సరస్వతి'లోకి వచ్చాడు. అసలు పేరు ధన్‌పత్ రాయ్; అప్పటిదాకా ఆయనది ఉర్దూ కలం. 1908లో నవాబ్ రాయ్ పేరుతో తెచ్చిన 'సోజే వతన్' కథల్లో రాజద్రోహం ఉందని హమీర్‌పూర్ కలెక్టరు పిలిపించి గద్దించాడు. మిగిలిన ప్రతులు మంటలపాలయ్యాయి. స్కూళ్ల తనిఖీ ఉద్యోగంలో ఉన్న ఆయనకు పేరు మార్చక తప్పలేదు. 'ప్రేమ్‌చంద్' అన్న పేరు సూచించింది కాన్పూర్ ఉర్దూ పత్రిక 'జమానా' సంపాదకుడు దయానారాయణ్ నిగమ్. తర్వాత ఉర్దూలో రాసుకున్న నవల కూడా ముందుగా హిందీలోనే, 'సేవాసదన్'గా అచ్చయింది.

ద్వివేది కట్టుబాటు అందరికీ సరిపడలేదు. కవి నిరాలా ముక్తఛందంలో రాసిన 'జుహీ కీ కలీ' 'సరస్వతి' నుంచి తిరిగొచ్చింది. ఆయనకు కలకత్తా పత్రిక 'మత్‌వాలా' చోటిచ్చింది. అలహాబాదు పత్రిక 'చాంద్'కు కవయిత్రి మహాదేవి వర్మ సంపాదకత్వం వహించింది. హిందీలో భావకవిత్వం వంటి ఛాయావాదానికి చెందిన ఈ కవులకూ పత్రికలే ఆసరా.

గాంధీ పిలుపుతో 1921లో సర్కారీ కొలువుకు రాజీనామా చేసిన ప్రేమ్‌చంద్ కాశీలో ప్రెస్సు పెట్టాడు. 1930లో 'హంస' పత్రిక మొదలుపెట్టాడు. ప్రెస్సు నష్టాలు, సర్కారు అడిగే ధరావతు సొమ్ము ఊపిరాడనివ్వలేదు. అప్పులు తీర్చడానికి 1934లో బొంబాయి వెళ్లి సినిమాకు కథ రాశాడు. ఆ ఏడాది చివర మద్రాసులో దక్షిణ భారత హిందీ ప్రచార సభ స్నాతకోత్సవంలో ప్రసంగించాడు. తెలుగు పిల్లలెందరో హిందీ పరీక్షలు రాసింది ఆ సభ ద్వారానే. సినిమా పొసగక కాశీకి తిరిగొచ్చిన ఆయన 1936లో 'గోదాన్' వెలువరించి, అదే ఏడాది అక్టోబరులో మరణించాడు.

తర్వాతి కాలంలో ఆగిపోయిన 'హంస'ను 1986లో రాజేంద్ర యాదవ్ ఢిల్లీ నుంచి మళ్లీ తెచ్చాడు. దళితుల, స్త్రీల రచనలకు పెద్దపీట వేసి, 2013లో కన్నుమూసే దాకా ఆయనే దాన్ని నడిపాడు.