ముల్లు గుచ్చుకున్న పాదంలో నొప్పిలేని వాపు – మదురా పాదం గురించి రైతులు తెలుసుకోవలసినవి

చేలో తుమ్మ ముల్లు గుచ్చుకుంటే పిన్నీసుతో తీసి, మళ్లీ పనిలోకి దిగుతాం. చాలాసార్లు అది మానిపోతుంది. అరుదుగా మాత్రం ఆ గాయం ద్వారా మట్టిలోని సూక్ష్మజీవులు లోపలికి చేరి, ఏళ్ల తరబడి పెరిగి, పాదం ఎముకలను, కీళ్లను దెబ్బతీస్తాయి. ఈ జబ్బు పేరు మైసిటోమా. 1842లో మదురైలో గిల్ అనే వైద్యుడు దీన్ని గుర్తించడంతో మదురా పాదం అన్న పేరు వచ్చింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

ఎందుకు వస్తుంది?
నొకార్డియా, యాక్టినోమడురా, స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా వల్ల ఒక రకం, బూజు జాతి శిలీంధ్రాల వల్ల మరో రకం వస్తాయి. చెప్పులు లేకుండా పొలంలో తిరిగేవారికి ముప్పు ఎక్కువ. చేతికి, వీపుకూ రావచ్చు. ఒకరి నుంచి మరొకరికి అంటదు.

లక్షణాలు
• ముల్లు గుచ్చుకున్న నెలలకో, ఏళ్లకో గట్టి వాపు. మొదట్లో నొప్పి ఉండదు.
• వాపుపై చిన్న చిన్న రంధ్రాలు పడి, చీము కారడం.
• చీములో తెలుపు, పసుపు, ఎరుపు లేదా నలుపు రంగు సన్నని రవ్వలు కనిపించడం. ఇది ముఖ్యమైన గుర్తు.

నొప్పి లేదు కదా అని ఊరుకోవడం వల్లే నష్టం జరుగుతుంది. ఎముక బాగా దెబ్బతిన్నాక కొందరికి కాలు తీసేయాల్సి వస్తుంది.

ఏం చేయాలి?
• జిల్లా ఆసుపత్రిలో గానీ బోధనాసుపత్రిలో గానీ చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోవాలి. పాత ముల్లు గాయం సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.
• ఎక్స్‌రే, రవ్వల పరీక్ష, ముక్క పరీక్ష చేయించుకోవాలి. బ్యాక్టీరియా రకానికి, బూజు రకానికి మందులు వేరు. కాబట్టి పరీక్ష లేకుండా మాత్రలు వాడవద్దు.
• బ్యాక్టీరియా రకం యాంటీబయాటిక్ మందులకు బాగా లొంగుతుంది. అయితే నెలల తరబడి వాడాలి. వాపు తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెట్టవచ్చు.
• ఊళ్లో వాపును కోయించుకోవద్దు. ఆకు పసర్లు కట్టవద్దు.

నివారణ
• పొలంలోకి, కంప కొట్టేటప్పుడు గట్టి అడుగున్న బూట్లు వేసుకోవాలి.
• ముల్లు విరగకుండా పూర్తిగా తీసి, సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా గురించి ఆరోగ్య కేంద్రంలో అడగాలి.
• రోజూ సాయంత్రం కాళ్లు కడుక్కునేటప్పుడు అరికాళ్లు చూసుకోవాలి. తగ్గని గడ్డ కనిపిస్తే, పంట పనులు అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి.