లీఫ్ వార్బ్లర్ల గుర్తింపు

లీఫ్ వార్బ్లర్లు ఫిల్లోస్కోపస్ ప్రజాతికి చెందిన చిన్న పిట్టలు. చాలావరకు వలస పక్షులే. బరువు 10 గ్రాములకు అటూఇటూ. వీపు పసరు వన్నె, పొట్ట పాలిపోయిన పసుపు లేదా తెలుపు, కంటి మీద లేత గీత. ఆకుల చాటున పురుగులు ఏరుకుంటూ క్షణం నిలవవు. జాతికీ జాతికీ రంగులో తేడా స్వల్పం కాబట్టి వీటి గుర్తింపులో కంటికన్నా చెవికే పని ఎక్కువ.

ఆ సంగతి మొదట పట్టుకున్నవారిలో ఒకడు గిల్బర్ట్ వైట్. ఇంగ్లండ్‌లోని సెల్బోర్న్ గ్రామంలో మతాచార్యుడు. ఒకే పిట్టగా చలామణీ అవుతున్నదానిలో మూడు జాతులున్నాయని 1768లో ప్రకృతి శాస్త్రవేత్త థామస్ పెన్నెంట్‌కు ఉత్తరం రాశాడు. విల్లో వార్బ్లర్ పాట పైనుంచి కిందికి మెత్తగా జారుతుంది. చిఫ్‌చాఫ్ తన పేరునే రెండు స్వరాల్లో పదేపదే పలుకుతుంది. బీచ్ చెట్ల పైకొమ్మల్లో ఉండే వుడ్ వార్బ్లర్ పాట, బండ మీద గిర్రున తిరిగి పడబోయే నాణెం చప్పుడులా వణుకుతుంది. బైనాక్యులర్లు లేని రోజుల్లో ఇది అసాధారణమైన పని. చిఫ్‌చాఫ్‌కు 1817లో గానీ శాస్త్రీయ నామం దక్కలేదు.

పిట్ట చేతికి చిక్కితే ఈకలు లెక్కపెట్టవచ్చు. రెక్క బయటి అంచు నుంచి ఆరో ఈక కొనవైపు నొక్కినట్టు సన్నబడితే చిఫ్‌చాఫ్. ఆ నొక్కు ఐదో ఈకతోనే ఆగితే విల్లో వార్బ్లర్. పక్షుల కాలికి రింగులు వేసేవారికి ఈ గుర్తు ఇప్పటికీ ఆధారమే.

ఆసియా జాతుల చిక్కు ఇంకా గట్టిది. 1938లో క్లాడ్ టైస్‌హర్స్ట్ ఈ ప్రజాతిపై సమగ్ర గ్రంథం వెలువరించాడు. గ్రీనిష్ వార్బ్లర్ రూపాలు టిబెట్ పీఠభూమి చుట్టూ వలయంగా పరుచుకుని, కొద్దికొద్దిగా మారుతూ వెళ్లాయని అందులో సూచించాడు. వలయం రెండు కొసలూ సైబీరియాలో కలుస్తాయి. అక్కడి రెండు రూపాలూ ఒకదాని పాటను మరొకటి తమదిగా గుర్తించవని డారెన్ ఇర్విన్ బృందం 2001లో చూపింది.

గ్రీనిష్ వార్బ్లర్ చలికాలంలో తెలుగు నేలకూ వస్తుంది. తూర్పు కనుమల్లో దీన్ని గమనించిన ట్రెవర్ ప్రైస్ అధ్యయనం 1981లో వెలువడింది. రెక్క మీది సన్నని లేత పట్టీ దీని ఆనవాలు. అయితే ఈకలు అరిగేకొద్దీ అది మాసిపోతుంది. అప్పుడు రెండు ముక్కల పదునైన కూతను బట్టే పోల్చుకోవాలి.