నిజామాబాదు జిల్లా గ్రామాభివృద్ధి కమిటీలు – త్రాగునీటి బాధ్యత

నిజామాబాదు జిల్లాలోని పెక్కు గ్రామములకు రెండు పాలనలు గలవు. 73వ రాజ్యాంగ సవరణ వలన 1993 ఏప్రిల్ 24 నుండి బలము పొందిన గ్రామ పంచాయతి యొకటి. పంచాయతి శాసనమున స్థానము లేకున్నను, కులమునకొకరు చొప్పున పెద్దమనుషులు కూర్చుండి తీర్మానించెడి గ్రామాభివృద్ధి కమిటీ, జనుల నోట వీడీసీ, రెండవది. త్రాగునీటిని, పారిశుద్ధ్యమును పదునొకండవ షెడ్యూలు పంచాయతి విషయములలో చేర్చియుండగా, నీటిశుద్ధి యంత్రమును నెలకొల్పుట మొదలుకొని మురుగుకాలువ త్రవ్వించుట వరకు కమిటీయే పూనుకొనిన గ్రామము లిచట అరుదు కావు.

ఈ సమష్టిశక్తికి మూలము చెరువు. కట్టను, తూమును, అలుగును కనిపెట్టి యుండుటకును, కరవునాట నీటిని వంతులవారీగా పంచుటకును ఊరు నీరటిని నియమించుకొనెడిది; చెరువు మరమ్మతునకై దస్తబందు ఇనాములుండెడివి. 1923లో ఆరంభమై 1931 నాటికి మంజీరపై నిజాంసాగరు పూర్తియగుటతో బోధను ప్రాంతమున నీటిపాలన సర్కారు చేతికి పోయెను. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారమునకు చెరకునందించిన నిజాంసాగరు కాలువల మీద నీరటి స్థానమున సర్కారు కాలువ కాపరియగు లస్కరు నిలిచెను. ఆ నీరు కాలువ చివరి భూములకు చాలకపోవుట చేతనే తరువాతి కాలమున అలీసాగరు, గుత్ప ఎత్తిపోతలు నిర్మింపవలసివచ్చెను. సర్కారునీరు నమ్మకముగా అందని ఆర్మూరు వైపు గ్రామములలో ఊరి కట్టుబాటు మరింత బిగువుగా నిలుచుట యాదృచ్ఛికము కాదని నా తలంపు.

అయితే కమిటీ ధనము వచ్చు మార్గమును విడిచి దాని సేవను మాత్రమే కొనియాడుట సత్యాన్వేషణ కాజాలదు. చెరువు చేపలు, ఇసుక, అన్నిటికంటె ముఖ్యముగా అనుమతి లేని మద్యపు దుకాణములగు బెల్టుషాపుల వేలము: ఇవి దాని ఆదాయములు. కమిటీ నీటిశుద్ధి యంత్రమున చౌకగా లభించెడి మంచినీటి క్యానుకు మూల్యమును ఏ యింటి యిల్లాలు మగని త్రాగుడు రూపమున ముందే చెల్లించియున్నదో ఏ లెక్కపుస్తకమునందును కానరాదు. బిందె మోసెడి ఆ యిల్లాలికి వేలము సాగెడి ఆ సభలో సాధారణముగా చోటు లేదు.

అంతకంటె బాధాకరమైనది బహిష్కారము. కమిటీ విధించిన జరిమానాను ధిక్కరించిన కుటుంబములను, కొన్ని తావుల దళితవాడలనే, ఊరు వెలివేసిన ఉదంతములు పోలీసు ఠాణాలకును న్యాయస్థానములకును ఎక్కినవి. మురుగుకాలువలో దిగి ఊరిని శుభ్రపరచెడి చేతులే పెక్కుచోట్ల ఆ వాడలవి. వారి ఆరోగ్యమును గూర్చి చర్చింపని పారిశుద్ధ్యము నాకు పారిశుద్ధ్యముగా తోచదు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఇంటింటికి నల్లా నీయ సంకల్పించినను, ఊరిలోని గొట్టము పగిలిన దినమున మొదట పరుగిడవలసినది ఊరివారే. కావున కమిటీలను రూపుమాపుమనుట అవివేకము. నీటిపద్దును వేలముల పద్దునుండి వేరుచేసి గ్రామసభ యెదుట చదువవలెను. నీటి నిర్ణయములందు స్త్రీలకును దళితులకును సగమునకు తగ్గని స్థానమీయవలెను. ఎట్టి తగవునందైనను నల్లా, బావి, నీటిక్యాను శిక్షాసాధనములు కారాదని శాసనమే పలుకవలెను. గోదావరిలో మంజీర కలిసెడి కందకుర్తికి ఆవలనున్న మహారాష్ట్రమున సాంఘిక బహిష్కారమును నేరముగా నిర్ణయించు శాసనసభ బిల్లు 2016లోనే ఆమోదము పొందెను. అట్టి శాసనము ఈ యొడ్డుననే మరింత అవసరము.