సర్వే గొలుసు – కరవు కాలువ

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు మిషనరీ కాకమునుపు మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే బృందంతో గొలుసు పట్టుకొని తిరిగారు. నదులు గడ్డకట్టే ఆ సీమను చూచిన ఈ అమెరికన్ బాప్టిస్టు 1866లో ఒంగోలు చేరి, తెలుగు నేర్చి, రోహిణీ కార్తె ఎండలకు ఓర్చి, పల్లెపల్లెకు ప్రయాణాలు సాగించారు.

వేదాంత విద్యకన్న ఆ సర్వే విద్యయే ఒకనాడు ఎక్కువ అక్కరకు వచ్చిందేమో! 1876–78 నాటి మహాక్షామంలో బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల భాగాన్ని ఆయన గుత్తకు పుచ్చుకొని, ఆకలితో వచ్చిన వేలాది జనానికి కూలి కల్పించారు. వారిలో మాదిగలు అధికం. పలువురు బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. గంజికోసం మతం పుచ్చుకొన్నారనే నింద పడరాదని ఏడాదికి పైగా ఆపివేశారు. ఆకలినాటి ఆదరణను జనం మరువరు గనుక ఆ నింద పూర్తిగా తొలగిందని చెప్పలేము. అయినను, అన్నం తన చేతిలో ఉండగా ‘ఆగండి’ అనగలిగిన నిగ్రహం సామాన్యం కాదు.

క్షామం తగ్గిన పిమ్మట, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో దిగి ఆ కార్యం నిర్వహించారు.